నాలుక చాపి రొప్పుతోందా? ఎండాకాలంలో కుక్కల సంరక్షణపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఎండ గురించే. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం. మిగతావి తీరిగ్గా చదువుకోవచ్చు గానీ, వడదెబ్బ మీద ఇచ్చిన రెండో జవాబు మాత్రం ఇంట్లో అందరూ ఇవాళే చదవండి. అవసరం పడిన రోజు పత్రిక వెతుక్కునే వ్యవధి ఉండదు.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా లాబ్రడార్ కదలకుండా పడుకున్నా నాలుక బయటపెట్టి రొప్పుతూనే ఉంటుంది. ఫ్యాను పెట్టినా పెద్ద తేడా కనిపించడం లేదు. ఇది మామూలేనా?

జవాబు: ఫ్యాను గాలి మనకు హాయిగా ఉండేది ఒంటి మీద చెమట ఉంటుంది కాబట్టి. కుక్కకు చెమట పట్టేది పాదాల కింది మెత్తల్లో మాత్రమే, అదీ ఒళ్లు చల్లబడేంత కాదు. దానికి వేడి బయటికి పోయే ముఖ్యమైన దారి నోరు, ముక్కు. నాలుక మీది, ముక్కు లోపలి తడి ఆవిరైనప్పుడు అక్కడ పారే రక్తం చల్లబడుతుంది. అందుకే నిమిషానికి రెండు వందల సార్లకు పైగా ఊపిరి ఆడిస్తుంది. పొడి గాలిలో ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది, ఉక్కపోతలో కంటే మేలు. కాకపోతే ఒంట్లోని నీరు అంత త్వరగానూ ఖర్చయిపోతుంది.

కాబట్టి ఫ్యానుకు చెమట మీరే అందించాలి. పొట్ట కింద, తొడల లోపలి వైపు, చంకల్లో, పాదాలకు తడి చేత్తో బాగా రాసి అప్పుడు ఫ్యాను తిప్పండి. వీపు మీద చల్లితే దట్టమైన బొచ్చు పైపైనే తడుస్తుంది, చర్మం దాకా దిగదు. గది వేడి 38, 39 డిగ్రీలు దాటితే పొడి బొచ్చు మీద ఫ్యాను వేడిగాలి కొట్టడమే అవుతుంది. పొడి వాతావరణంలో నీటితో నడిచే కూలర్ చక్కగా పనిచేస్తుంది, కానీ కిటికీ ఒకటి తెరిచి ఉంచాలి. మూసిన గదిలో గంటసేపు నడిపితే గాలి తేమెక్కి రొప్పుడు ఇంకా పెరుగుతుంది.

నీడకు వచ్చాక పది నిమిషాల్లో రొప్పుడు నెమ్మదిస్తూ, పిలిస్తే తల తిప్పి చూస్తూ ఉంటే అది మామూలు రొప్పుడే. నాలుక చివర గరిటెలా వెడల్పై వేలాడుతున్నా, పెదవుల మూలలు వెనక్కి లాగినట్టున్నా, చొంగ తీగలు సాగుతున్నా, చిగుళ్లు ఇటుక రంగుకు తిరిగినా, పేరు పెట్టి పిలిస్తే పట్టించుకోకపోయినా అది ప్రమాదం. చిగురు మీద వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి.

ఇంకో మాట. చల్లని గదిలో గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి 30 దాటి, రోజూ అలాగే ఉంటే తప్పు ఎండది కాదు. గుండె, ఊపిరితిత్తులు చూపించాలి. స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్న కుక్కలూ, నొప్పితో ఉన్న కుక్కలూ కూడా వేడి లేకుండానే రొప్పుతాయి.

ప్రశ్న: వడదెబ్బ తగిలితే ఆసుపత్రికి వెళ్లేలోగా ఏం చేయాలి? ఐసు నీళ్లు పోస్తే గుండె ఆగిపోతుందని ఒకరు, పోయాలని ఒకరు అంటున్నారు.

జవాబు: ముందు చల్లార్చండి, తర్వాత బయల్దేరండి. చాలామంది కుక్కను ఎత్తుకుని నేరుగా బండెక్కుతారు. దారిలో గడిచే అరగంటా అవయవాలు ఉడుకుతూనే ఉంటాయి. ఇద్దరుంటే ఒకరు నీళ్లు పోస్తూ ఉండగా రెండోవారు ఆసుపత్రికి ఫోను చేయాలి.

కుక్క మామూలు ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీలు. 41 దాటితే ప్రాణాపాయం. నీడలోకి చేర్చి, మెడపట్టీ వదులు చేసి, మెడ దగ్గర నుంచి తోక దాకా, పొట్ట కింద, తొడల మధ్య ఆగకుండా నీళ్లు పోయండి. ఒక మగ్గు పోసి ఆపితే చాలదు. తోట గొట్టం వాడితే మొదటి నీళ్లు నేల మీద వదిలేయండి. ఎండలో పడి ఉన్న గొట్టంలో నిలిచిన నీళ్లు చర్మం బొబ్బలెక్కేంత వేడిగా వస్తాయి. చేతి మీద పట్టి చూసి, చల్లబడ్డాకే కుక్క మీద పెట్టండి. పోస్తూనే ఫ్యాను గానీ, అట్టముక్కతో విసురు గానీ ఉండాలి. వయసులో ఉన్న, వేరే జబ్బులు లేని కుక్కనైతే తొట్టిలో మెడ దాకా ముంచవచ్చు, తల మాత్రం పైకి పట్టుకోవాలి. ముసలివీ, గుండె జబ్బు ఉన్నవీ అయితే పోసి విసరడమే మంచిది.

చల్లటి నీళ్లకు రక్తనాళాలు ముడుచుకుపోయి వేడి లోపలే ఆగిపోతుందనే భయం పాతది. అది నిజం కాదని ఇప్పుడు తెలుసు. ఒంటి వేడి కంటే చల్లగా ఉన్న ఏ నీళ్లయినా పనికొస్తాయి. ఐసు కోసం వెతుకుతూ కూర్చోవద్దు, దగ్గరున్న నీళ్లతో మొదలుపెట్టండి.

చేయకూడనివి కూడా గుర్తుంచుకోండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి. రెండు నిమిషాల్లో అది ఒంటి వేడికి వెచ్చబడి దుప్పటిలా పనిచేస్తుంది. స్పృహ సరిగా లేని కుక్క నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తనంతట తాగితే తాగనివ్వండి. జ్వరం మాత్రలు అసలే వద్దు. ఇది జ్వరం కాదు కాబట్టి వాటితో వేడి తగ్గదు, పైగా మనుషులు వాడే ఐబుప్రొఫెన్ కుక్క కడుపునూ కిడ్నీలనూ దెబ్బతీస్తుంది.

ఎప్పుడు ఆపాలి? డిజిటల్ థర్మామీటరు కొనకు కొంచెం వాసలీను రాసి, మలద్వారంలో రెండు మూడు సెంటీమీటర్లు పెట్టి చూడండి. 39.5కు దిగగానే పోయడం ఆపండి. ఆ తర్వాత కూడా ఉష్ణోగ్రత తనంతట ఇంకొంచెం దిగుతుంది. ఇంకా పోస్తే మరీ చల్లబడిపోతుంది. థర్మామీటరు లేకపోతే రొప్పుడు నెమ్మదించేదాకా, లేదా పది పదిహేను నిమిషాలు పోసి బయల్దేరండి. బండిలో ఏసీ వేయండి, లేకుంటే అద్దాలు దించండి.

కుక్క లేచి తోక ఊపిందని ప్రయాణం మానుకోవద్దు. వడదెబ్బ అసలు దెబ్బ ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది. రక్తం గడ్డకట్టే గుణం పోవడం, కిడ్నీలు పనిచేయకపోవడం, నెత్తుటి విరేచనాలు అప్పుడే వస్తాయి. రక్తపరీక్ష చేస్తే ముందే తెలుస్తుంది.

ప్రశ్న: సాయంత్రం ఆరింటికి వాకింగ్‌కు తీసుకెళ్తున్నాను. అయినా ఇంటికొచ్చి పాదాలు నాకుతూ కూర్చుంటోంది.

జవాబు: ఆరింటికి ఎండ తగ్గుతుంది గానీ రోడ్డు వేడి తగ్గదు. నల్లటి తారు గాలి కంటే 20 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది, పొద్దుగూకాక కూడా గంటల తరబడి ఆ వేడిని పట్టి ఉంచుతుంది. నేల అన్నిటికంటే చల్లగా ఉండేది సూర్యోదయానికి ముందు. అసలు వాకింగ్ అప్పుడు పెట్టుకోండి, సాయంత్రం గడ్డి మీదో మట్టి మీదో కాలకృత్యాలకు మాత్రం తిప్పండి. బయల్దేరే ముందు అరచేతి వెనుక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచండి. ఉంచలేకపోతే ఆ దారిన నడిపించకండి. ఇంటి ముందు సిమెంటు మీద చూసి సరిపెట్టుకోకండి, నడవబోయే తారు మీదే చూడాలి.

మంచి వెలుతురులో పాదం తిప్పి మెత్తలు చూడండి. రంగు మామూలు కంటే ముదిరినా, ఎర్రటి మచ్చ ఉన్నా, పొర లేచి వేలాడుతున్నా కాలిందన్నమాటే. పది నుంచి ఇరవై నిమిషాలు కుళాయి ధార కింద పట్టండి. బొబ్బను చిదమకండి, లేచిన పొరను కత్తిరించకండి, పేస్టులు పూయకండి. శుభ్రమైన కాటన్ సాక్సు తొడిగి డాక్టరుకు చూపించండి. నాలుగు పాదాలూ ఒకేసారి కాలడం మామూలే. అలాంటప్పుడు కుక్క కుంటదు, ఏ కాలు ఎత్తాలో తెలియక అసలు నడవనని కూర్చుంటుంది. దాన్ని మొండితనం అనుకుని లాగవద్దు.

ఆట గురించి కూడా చెప్పాలి. బ్రిటన్‌లో 2016లో పశువైద్యశాలలకు వచ్చిన వడదెబ్బ కుక్కల రికార్డులను పరిశీలిస్తే, దాదాపు నాలుగింట మూడు వంతులకు కారణం బండిలో వదిలేయడం కాదు, పరుగు, ఆట, నడక. బంతి విసిరే కొద్దీ తెచ్చే కుక్క తనంతట ఆగదు. ఎండలు ముదిరే తొలి రెండు మూడు వారాలు మరీ జాగ్రత్త, దాని ఒళ్లు అప్పటికింకా వేడికి అలవాటు పడి ఉండదు.

ప్రశ్న: మా పొమరేనియన్‌కు ఎండాకాలం గుండు చేయించమంటున్నారు. చేయించమంటారా?

జవాబు: వద్దు. పొమరేనియన్, హస్కీ, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్ లాంటి వాటికి రెండు వరసల బొచ్చు ఉంటుంది. పై వరస ఎండను చర్మం దాకా రానివ్వదు. దాన్ని గొరిగేస్తే లేత చర్మం ఎండకు కమిలిపోతుంది. మళ్లీ మొలిచేటప్పుడు ముందు లోబొచ్చు వస్తుంది, పై బొచ్చు అతుకులు అతుకులుగా వస్తుంది. పొమరేనియన్లలో కొన్నిటికి ఏడాది దాటినా రాదు.

తీయాల్సింది ఊడి లోపలే ఇరుక్కున్న లోబొచ్చును. అదే గాలి ఆడకుండా చేస్తుంది. వారానికి మూడుసార్లు, పావుగంట చొప్పున దువ్వండి. ఒక చేత్తో బొచ్చును పైకెత్తి పట్టుకుని, కింద చర్మం గీతలా కనిపించేలా పాయ తీసి, ఆ గీత దగ్గర నుంచి బయటికి దువ్వుతూ ఒక్కో పాయా పైకి జరగాలి. పైపైన దువ్వితే మెరుస్తుంది, లోపల ఉండలు ఉండలుగానే ఉంటుంది. చెవుల వెనుక, తొడల వెనుక, తోక మొదట్లో ఈ ఉండలు ఎక్కువ. స్నానానికి ముందే విప్పండి, తడిస్తే బిగుసుకుపోతాయి. పొట్ట కింద బొచ్చు పొట్టిగా కత్తిరిస్తే చల్లని నేల ఒంటికి తగులుతుంది, దానికి అభ్యంతరం లేదు.

షీట్జూ, పూడిల్ లాంటి వాటికి కత్తిరింపు మంచిదే, అంగుళం మిగల్చండి. ముక్కు గులాబీ రంగులో ఉన్న, చెవుల కొసలు తెల్లగా ఉన్న కుక్కలకు మనం వాడే సన్‌స్క్రీన్ రాయకండి. అందులోని జింక్ ఆక్సైడ్ నాకితే విషం.

ప్రశ్న: రోజుకు ఎన్ని నీళ్లు తాగాలి? ఉప్పూ చక్కెరా కలిపి ఇవ్వమంటారా?

జవాబు: మామూలు రోజుల్లో కిలో బరువుకు 50 నుంచి 60 మిల్లీలీటర్లు, అంటే 20 కిలోల కుక్కకు లీటరు పైచిలుకు. ఎండల్లో దీనికి రెట్టింపు కావచ్చు. తడి ఆహారంలో ముప్పాతిక వంతు నీరే ఉంటుంది కాబట్టి అది తినే కుక్క గిన్నె దగ్గరికి తక్కువగా వెళ్తుంది. పొడి గుళికలు తినేది ఎక్కువ తాగాలి.

కొలవాలంటే పొద్దున కొలిచి పోసి, మర్నాడు మిగిలింది తీసేస్తారు కదా. పొడి ఎండల్లో ఆ లెక్క తప్పుతుంది, గిన్నెలోంచే చాలా ఆవిరైపోతుంది. అలాంటిదే ఇంకో గిన్నెలో అన్నే నీళ్లు పోసి కుక్కకు అందని చోట, అదే నీడలో పెట్టండి. అందులో తగ్గిన నీటిని మొదటి లెక్కలోంచి తీసేస్తే తాగిందెంతో తేలుతుంది. గిన్నెలు రెండు చోట్ల ఉంచండి, బరువైనవైతే ఒలికిపోవు. వేలు పెడితే జారుడుగా తగిలే పొరను రోజూ తోమేయాలి. కొన్ని కుక్కలు ఆ వాసనకే తాగడం మానేస్తాయి.

ఉప్పు అక్కర్లేదు. మనం చెమటలో ఉప్పు పోగొట్టుకుంటాం, కుక్క పోగొట్టుకునేది ఆవిరి మాత్రమే. మనుషుల ఎనర్జీ డ్రింకుల్లో చక్కెర దండగ. తీపి కోసం జైలిటాల్ కలిపినవైతే ప్రాణానికే ముప్పు. చల్లని నీళ్లు తాగితే ఏమీ కాదు, కానీ పరుగెత్తి వచ్చి గిన్నెడు ఒక్క గుక్కలో లాగిస్తే వాంతి చేసుకుంటుంది. కొన్ని గుక్కలు తాగనిచ్చి, రెండు మూడు నిమిషాలాగి మళ్లీ ఇవ్వండి. పెద్ద ఐసు గడ్డలు కొరికితే పళ్లు విరుగుతాయి, నలగ్గొట్టి వేయండి.

చల్లటి రోజున కూడా కిలోకు 100 మిల్లీలీటర్లు దాటి తాగుతూ, ఎక్కువగా మూత్రం పోస్తుంటే పరీక్ష చేయించండి. కిడ్నీ జబ్బు, మధుమేహం, ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో గర్భసంచి చీము ఇలాగే మొదలవుతాయి.

ప్రశ్న: అద్దాలు కొంచెం దించి, చెట్టు కింద కారు ఆపి పది నిమిషాలు వదిలి వెళ్లొచ్చా?

జవాబు: వద్దు. ఎండలో ఆపిన కారు లోపల గంటలో సగటున 22 డిగ్రీలు పెరుగుతుందని కొలిచి చూశారు. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దం కొంచెం దించినా తేడా దాదాపు లేదు. చెట్టు నీడ కారు మీద నిలవదు, జరుగుతుంది.

ప్రశ్న: మా పగ్‌కు రాత్రి పూట కూడా గురక, ఎండలో నాలుగడుగులు వేస్తే కూలబడుతుంది.

జవాబు: పగ్, బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, బాక్సర్, పెకినీస్‌లకు ముక్కు పొట్టిది గానీ లోపలి కండ పొట్టిది కాదు. అంతా ఇరుకులో కుక్కినట్టుంటుంది. ముక్కు రంధ్రాలు సన్నటి చీలికల్లా, అంగిటి వెనుక కండ గొంతులోకి వేలాడుతూ ఉంటుంది. చల్లబడటానికి రొప్పాలి, రొప్పితే ఆ ఇరుకు దారి వాచి ఇంకా ఇరుకవుతుంది. అందుకే వీటికి వేడి త్వరగా ముదురుతుంది.

చేతిలో పని ఏమిటంటే బరువు తగ్గించడం. పక్కటెముకలు తడిమితే వేళ్లకు తగలాలి, వెతుక్కోవాల్సి వస్తే లావుగా ఉన్నట్టే. మెడపట్టీ తీసేసి ఛాతీకి వేసే హార్నెస్ వాడండి. నోరు బిగించే గుడ్డ మజిల్ ఏ కుక్కకూ ఎండలో వేయకూడదు, వీటికి అసలే వద్దు. తప్పనిసరైతే లోపల నోరు తెరవగలిగే బుట్ట మజిల్ వాడాలి. పగలు ఏసీ గదిలో ఉంచండి. ముక్కు రంధ్రాలు వెడల్పు చేసి, అంగిటి కండ తగ్గించే ఆపరేషన్ ఉంది. మీరు చెప్పిన లక్షణాలకు ఆ విషయం డాక్టరుతో మాట్లాడటం అవసరం. నాలుక నీలంగా మారితే క్షణం ఆగకండి.

ప్రశ్న: వాకింగ్ నుంచి రాగానే ఆగకుండా తుమ్ముతోంది, ఒక ముక్కులోంచి రక్తపు చుక్క వచ్చింది.

జవాబు: ఎండిన గడ్డి వెన్నులోని ములుకు దూరి ఉంటుంది, ఈరోజే చూపించండి. ఆ ములుకు మీద నూగు ఒకే దిక్కుకు వాలి ఉంటుంది. ముందుకే జారుతుంది, వెనక్కి రాదు. చెవిలో దూరితే తల ఒక పక్కకు వాల్చి విదిలిస్తుంది. వేళ్ల మధ్య దూరితే రెండు రోజుల్లో చిన్న గడ్డ లేచి, సన్నటి రంధ్రంలోంచి రసి కారుతుంది. మామూలు ఎక్స్‌రేలో గడ్డిముక్క కనిపించదు, అందుకే ఎప్పుడు, ఎక్కడ తిరిగిందో డాక్టరుకు చెప్పడం ముఖ్యం.

గడ్డిలో తిరిగిన ప్రతిసారీ ప్రతి వేలి సందూ విప్పి, చెవుల లోపల, చంకల్లో, కనురెప్పల దగ్గర చూడండి. పైకి మొత్తం కనిపిస్తే లాగేయండి. చెవి లోపలికి నూనె పోయడం, పుల్ల పెట్టడం వద్దు.

ప్రశ్న: మందు రాసినా గోమార్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయి.

జవాబు: కుక్క మీద కనిపించేవి కొన్నే. మిగతావి గోడ పగుళ్లలో, తలుపు చట్రం వెనుక, పరుపు మడతల్లో ఉంటాయి. గోధుమ రంగు కుక్క గోమారికి వేడి అంటే ఇష్టం. వేడికి గుడ్డు నుంచి పెద్దదయ్యే గడువు తగ్గిపోతుంది, ఒక్కో ఆడది వేల గుడ్లు పెడుతుంది. అందుకని ఇంట్లోని కుక్కలన్నిటికీ ఒకేరోజు మందు వేయాలి, పరుపు గుడ్డలు 60 డిగ్రీల నీళ్లలో ఉతకాలి, పగుళ్లు పూడ్చాలి. మందు గడువు నెలా, మూడు నెలలా అన్నది క్యాలెండరులో రాసుకోండి. ఒక్కసారి తప్పినా మళ్లీ మొదటికొస్తుంది. మూర్ఛలు వచ్చే కుక్కైతే నమిలే మాత్రలకు ముందు డాక్టరుకు చెప్పండి. ఇంట్లో పిల్లి ఉంటే పెర్మెత్రిన్ ఉన్న కుక్కల మందులు వాడొద్దు, పిల్లి చచ్చిపోతుంది.

పీకేటప్పుడు సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా నిటారుగా లాగాలి. కాల్చడం, కిరోసిన్ పోయడం తప్పు. జ్వరం, తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కునుంచి రక్తం కనిపిస్తే గోమార్ల జ్వరానికి రక్తపరీక్ష చేయించండి.

ప్రశ్న: తిండి సగానికి తగ్గించేసింది. టానిక్ ఏదైనా రాస్తారా?

జవాబు: హుషారుగా ఉండి, బరువు తగ్గకుండా ఉంటే టానిక్ అక్కర్లేదు. తెల్లవారుజామున ఒకసారి, రాత్రి చల్లబడ్డాక ఒకసారి పెట్టండి. తడి ఆహారం అరగంటలో తినకపోతే తీసేయండి. రెండు పూటలు పూర్తిగా మానేస్తే, లేదా వాంతులు తోడైతే చూపించండి.

ప్రశ్న: పెరట్లో రేకుల గూడు ఉంది. చల్లగా ఉంచడం ఎలా?

జవాబు: ఎండలో రేకుల గూడు పొయ్యిలాంటిది, మధ్యాహ్నం అందులో ఉంచకండి. ఇంట్లో గచ్చు మీద చోటివ్వండి. వీలుకాకపోతే రేకుకు జానెడు పైన షేడ్ నెట్ కట్టండి. ఆ ఖాళీలోంచి గాలి ఆడాలి, నెట్ రేకును తాకితే ప్రయోజనం లేదు. ఎదురెదురు గోడలకు కిటికీలు కోయండి. నేలకు జానెడు ఎత్తులో వల మంచం వేస్తే కింది నుంచి గాలి తగులుతుంది. తడిపిన ఇసుక గుంట ఒకటి నీడలో ఉంటే చాలా కుక్కలు అందులోనే పడుకుంటాయి. పైన దుప్పటి కప్పకండి.

తడిపి తొడిగే చల్లటి జాకెట్లు పొడి గాలిలో పనిచేస్తాయి, ఆరిపోతే మాత్రం అదే స్వెట్టర్ అవుతుంది. అరగంటకోసారి చేత్తో పట్టి చూసి తడపండి. జెల్ పరుపులు కొరికే కుక్కకు వద్దు. గూటిని మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి వెళ్లి చూడండి. పొద్దున నీడలో ఉన్న గూడు పొద్దువాటారాక ఎండలో ఉంటుంది, గొలుసుతో కట్టిన కుక్క ఆ నీడ వెంట జరగలేదు.